విశ్వాసం ఎటు నుంచి ఎటు?

తెలుగులో 'విశ్వాసం' అనే మాటను ఎవరెవరి గురించి వాడతారో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. కుక్కకు విశ్వాసం ఉంటుంది. పాలేరుకు ఉంటుంది, లేదా ఉండదు. పనిమనిషికి ఉండాలి. గుమస్తాకు ఉండి తీరాలి. అరక దున్నే ఎద్దుకు కూడా ఉందని మురిసిపోయేవాళ్లున్నారు. కానీ 'మా బుగతకి మేమంటే ఎంత విశ్వాసమో' అని మా నర్సీపట్నం వైపు ఏ కంబారీ అనగా నేను వినలేదు. ఎవరైనా అంటే పక్కనున్నవాళ్లు నవ్వుతారు. బుగతకు ఉండేది దయ. 'బాబుగోరు దయగలోరు' అంటారు. దయ పైనుంచి కిందికి దిగుతుంది. విశ్వాసం కిందనుంచి పైకి పోతుంది. రెండూ ఒకే ఇంట్లో, ఒకే గుమ్మం దగ్గర, రోజూ ఎదురుపడుతూనే ఉంటాయి గాని ఒకదాని స్థానంలోకి ఇంకొకటి ఎన్నడూ రాదు.

ఇది మాట గురించిన వ్యాసం. అయితే మాటతోనే ఆగే వ్యవహారం కాదిది. ఈ మాట చాటున ఎగ్గొట్టిన కూలి ఎంతో, ఈ మాటను చూపించి నోరు నొక్కిన తరాలెన్నో మన సాహిత్య విమర్శ ఇంతవరకూ పట్టించుకోలేదు. పాలేరు పాత్ర విశ్వాసంగా ఉంటే 'ఉదాత్త పాత్ర' అని రాసి ఊరుకుంది.

మాట మూలం దగ్గరికి పోదాం. సంస్కృతంలో దీనికి ధాతువు 'శ్వస్'. శ్వాస అన్నా, నిశ్వాస అన్నా అదే. ఎవరి దగ్గర మనం ఊపిరి బిగపట్టకుండా, బెదురు లేకుండా ఉండగలమో వాళ్ల మీద మనకు విశ్వాసం ఉన్నట్టు. అంటే ఇది నమ్మేవాడి మనసుకు సంబంధించిన స్థితి. నమ్మబడినవాడి నెత్తిన పెట్టిన బరువు కాదు. తెలుగులో కూడా ఆ అర్థం పూర్తిగా పోలేదు. 'అతని మీద నాకు విశ్వాసం ఉంది' అంటే నేను నమ్ముతున్నానని. కానీ 'అతనికి విశ్వాసం ఉంది' అనండి. మొత్తం తిరగబడింది. ఇప్పుడతను నాకు కట్టుబడి ఉన్నాడు, నేను పెట్టిన తిండి గుర్తుపెట్టుకున్నాడు, ఎదురు చెప్పడు. ఒక్క 'మీద' ఎగిరిపోతే నమ్మే పని నాది కాకుండా పోయి, నమ్మకంగా పడుండే పని అతనిదైంది. ఈ 'మీద' ఎగిరిపోవడం వ్యాకరణంలో జరిగిన ప్రమాదం కాదు. ఊరికీ పేటకీ మధ్య ఉన్న సంబంధమే వాక్యంలోకి వచ్చి కూచుంది.

మన చట్టసభల్లో ఇదే మాట పాత అర్థంలోనే బతికి ఉండడం తమాషాగా ఉంటుంది. అవిశ్వాస తీర్మానం అంటాం. అక్కడ విశ్వాసం ఉండాల్సింది సభ్యులకు. దాన్ని నిలబెట్టుకోవాల్సింది ప్రభుత్వం. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయినప్పుడు ఎవరూ సభ్యుల్ని పట్టుకుని 'విశ్వాసం లేని కుక్కలు' అని చట్టసభ రికార్డులో రాయలేదు. సభ విశ్వాసం కోల్పోయింది ప్రభుత్వమే అన్నారు. పాలించేవాడు విశ్వాసం కోల్పోవచ్చు, అది మామూలు సంగతి అని రాజ్యాంగం ఒప్పుకుంది. ఊళ్లో మాత్రం బుగత విశ్వాసం కోల్పోయాడని చెప్పడానికి ఈనాటికీ తెలుగులో వాక్యం లేదు. కంబారీ పని మానేస్తే 'ఆడికి ఇస్వాసం నేదు' అన్న వాక్యం ఒక్కటే సిద్ధంగా ఉంటుంది.

ద్రోహం మాటలూ అంతే. స్వామిద్రోహం ఉంది, రాజద్రోహం ఉంది, గురుద్రోహం ఉంది, మిత్రద్రోహం కూడా ఉంది. సేవకుడికి యజమాని చేసే ద్రోహానికి నిఘంటువులో పేరు లేదు. ఏడాదంతా చేయించుకుని కళ్లంలో కుంచాలు తగ్గించి కొలిస్తే దాన్ని ఏమనాలి? 'అన్యాయం' అంటాం. అది అందరికీ వాడే మాట. యజమాని అనే హోదాలో ఉండి చేసిన తప్పుకు విడిగా పేరు పెట్టాల్సిన అవసరం ఈ భాషను రాసినవాళ్లకు రాలేదు. రాజద్రోహానికైతే 1870లో తెల్లవాళ్లు శిక్షాస్మృతిలో 124-ఎ సెక్షన్ చేర్చారు. 2022 మే నెలలో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టమనేదాకా అది నిక్షేపంగా నడిచింది. ఆ శిక్షాస్మృతి పోయి 2024 జూలై నుంచి కొత్త సంహిత వచ్చినా, పేరు మార్చుకుని అందులోనూ ఒక సెక్షన్ ఉంది.

ఇక అచ్చ తెలుగు మాట 'నమ్ము'. 'నమ్మినబంటు' అన్న పలుకుబడిని తీసుకోండి. హనుమంతుణ్ణి అలా అంటారు. 1960లో ఆదుర్తి సుబ్బారావు తీసిన సినిమాకీ అదే పేరు. ఈ మాటలో నమ్మిందెవరు? బంటు తన ఏలికను నమ్మాడా? ఏలిక బంటును నమ్మాడా? తెలుగులో 'చేసిన', 'తిన్న', 'నమ్మిన' అనే ఈ రూపం కర్తకూ కర్మకూ తేడా చూపించదు. 'తిన్న మనిషి' అంటే తినేసిన మనిషి, 'తిన్న అన్నం' అంటే తినబడిన అన్నం. సందర్భాన్ని బట్టి మనకు తెలిసిపోతుంది. 'నమ్మినబంటు' దగ్గర మాత్రం సందర్భం కూడా తేల్చదు. నా ఉద్దేశంలో ఈ మాట ఇన్ని వందల ఏళ్లు బతికింది ఆ తేలకపోవడం వల్లే. ఏలికకు అనుకూలమైనప్పుడు 'నిన్ను నేను నమ్మానురా' అని అర్థం చెప్పుకోవచ్చు. లెక్క అడిగే రోజున 'నువ్వు కదా నన్ను నమ్మావు' అని తప్పుకోవచ్చు.

పల్నాటి కథలో మాల కన్నమదాసును ఇలాగే చూశారు. బ్రహ్మనాయుడి చాపకూడు గురించి మాట్లాడే ప్రతివాళ్లూ కన్నమను పక్కన నిలబెట్టుకుని మాట్లాడతారు. అతను సేనాని. యుద్ధం నడిపినవాడు. కానీ మన చరిత్రకారులూ నాటకకర్తలూ అతనికిచ్చిన మెడల్ విశ్వాసం. ఆయుధం పట్టడం, వ్యూహం పన్నడం, మనుషుల్ని నడిపించడం అన్నీ ఈ ఒక్క మాట కింద మడిచి పెట్టేశారు. బ్రహ్మనాయుడికి సంస్కారం, బాలచంద్రుడికి శౌర్యం, కన్నమకు విశ్వాసం. పంపకం చూశారా! పనిముట్టుకు ఉండాల్సిన గుణం మనిషికి అంటగట్టి అదే గొప్పదనం అన్నారు. కాకతీయుల కాలపు లెంకల సంగతి వేరు. ఏలిక కోసం ప్రాణమిస్తామని ప్రతిన పట్టిన ఆ సేవకులకు ప్రతిఫలంగా భూములూ పదవులూ దక్కాయి, శాసనాల్లో పేర్లు చెక్కారు. మా ఉత్తరాంధ్రలో 'లెంక' ఇప్పటికీ ఇంటిపేరు. విశ్వాసానికి ధర కట్టిన చోట అది గౌరవమైంది. ధర కట్టని చోట గుణమైంది. ఈ తేడా కులం దగ్గర తేలిపోతుంది.

పేటలో ఈ మాట ఎలా వినిపిస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. నర్సీపట్నాన్ని ఆనుకుని వరాహనది ఒడ్డున ఉన్న బలిఘట్టం ఇప్పుడు మున్సిపాలిటీలో కలిసిపోయింది. 2022 నుంచి జిల్లా కూడా మారి అనకాపల్లి అయింది. అయితే చెరుకు నరికి, గానుగాడి, బెల్లం వండిన చేతులున్న తరం ఇంకా ఉంది. అందులో మా నాన్న ఒకడు. చిన్నతనంలోనే కంబారీగా కుదిరినవాడు. ఆయన్ని నేను పరిశోధన కోసం కూచోబెట్టి అడిగితే మొదట చెప్పింది తన కష్టం కాదు, తన మీద ఉన్న నమ్మకం. 'బెల్లం కొట్టు తాళాలు నా మొల్లోనే ఉండీవిరా. నానంటే అంత నమ్మకం ఆలకి' అన్నాడు. గర్వంగానే అన్నాడు. ఆ గర్వాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. దొంగ అనిపించుకోకుండా బతకడం మా పేటలో చిన్న సంగతి కాదు. కానీ కొంచెం ఆగి, 'మరి ఆలింట్లో మంచినీళ్లెలా తాగీవోడివి నాన్నా?' అంటే, 'దోసిట్లో పోసీవోరు' అన్నాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. కొట్లో ఉన్న సరుకంతా ఎవరి చేతిలో పెట్టారో ఆ చేతిని నీళ్లకుండ మీద పడనివ్వలేదు. అంటే నమ్మింది మనిషిని కాదు. అతని పనిని, అతని భయాన్ని, పారిపోవడానికి అతనికి చోటు లేకపోవడాన్ని నమ్మారు. మా నాన్న మాత్రం ఆ తాళాల్ని తన మీద పెట్టిన నమ్మకంగానే తీసుకున్నాడు, ఆ నమ్మకానికి తగ్గట్టే ఉన్నాడు. ఆయన వైపు నుంచి అది నిజమైన విలువ. అవతలివైపు నుంచి అది ఖర్చు లేని కాపలా. ఒకే మాట, రెండు ఒడ్లలో రెండు సరుకులు. పాలేరు కథలు రాసిన మన రచయితలు అవతలి ఒడ్డు నుంచి చూసి రాశారు. అందుకే వాటిలో తాళాలు కనిపిస్తాయి గాని దోసిలి కనిపించదు.

'తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం' అని సామెత ఉంది కదా. కృతఘ్నుణ్ణి తిట్టే సామెత. దీన్ని దళితుడి మీద వాడినప్పుడు నాకు నవ్వొస్తుంది. వాసాలు లెక్కపెట్టాలంటే ఇంట్లో కూచుని తినాలి, తలెత్తి పైకి చూడాలి. మా అమ్మానాన్నలకు అంబలి పోసింది పశువులశాల దగ్గర. అక్కడి నుంచి ఇంటి వాసాలు కనబడవు. పోనీ, వాసాల లెక్క మాకు తెలియదా అంటే, తెలుసు. కొండ నుంచి కర్ర మోసుకొచ్చి, చెక్కి, ఎత్తి, తాటాకు కప్పింది మేమే. తినకముందే లెక్క తెలిసినవాళ్లం. ఈ సామెత పుట్టించినవాడికి అతిథి తెలుసు, బంధువు తెలుసు, ఇల్లు కట్టినవాడు తెలీదు. 'ఉప్పు తిన్న విశ్వాసం' కూడా అంతే. పండించినవాడు తిన్న ఉప్పుకు రుణపడతాడు, ఆ పంట తిన్నవాడు ఎవరికీ రుణపడడు. చోడి అంబలిలో వేసిన ఉప్పురాయికి ఒక బతుకంతా చెల్లించాలంటే అది ఉప్పు కాదు, వడ్డీ.

వడ్డీ అన్న మాట ఊరికే అనలేదు. నర్సీపట్నం దాటి చింతపల్లి కొండెక్కితే ఏజెన్సీలో ఒకప్పుడు 'గొత్తి' ఉండేది. అప్పు తీరేదాకా, అంటే దాదాపు ఎప్పటికీ, అప్పిచ్చినవాడి ఇంట్లో పనిచేయడం. మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీ రుణదాస్యాన్ని రద్దుచేస్తూ రెగ్యులేషన్ తెచ్చింది. దేశమంతటికీ వర్తించే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో గాని రాలేదు. ఆ చట్టంలో ఒక సంగతిని మనవాళ్లు తగినంత గమనించలేదు. అప్పు వల్ల చేసే చాకిరీని మాత్రమే అది వెట్టి అనలేదు. ఆచారంగా వచ్చిన, సామాజికమైన కట్టుబాటు వల్ల చేసేదాన్నీ, ఫలానా కులంలో పుట్టినందువల్ల చేసేదాన్నీ వెట్టి కిందే జమకట్టింది. కాగితం లేదు, అప్పు లేదు, 'పెద్దలనాటి నుంచి ఆ ఇంటికి ఇస్వాసంగా ఉన్నాం' అని ఒక కుటుంబం మూడు తరాలు ఒకే గుమ్మం ముందు పనిచేస్తే చట్టం దాన్ని ఏ పేరుతో పిలుస్తుందో దీన్నిబట్టి చెప్పుకోవచ్చు. 1982లో ఆసియాడ్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకున్న పని రాజ్యాంగం నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది. కోర్టు భాషలో వెట్టి అయింది, సాహిత్య భాషలో విశ్వాసంగా మిగిలిపోయింది.

కొండ మీద ఇంకో రకం విశ్వాసం కూడా నడిచింది. ముఠాదార్లకు తెల్లదొరలిచ్చిన సనదులకు అసలు షరతు సర్కారుకు విధేయంగా ఉండడమే. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు 1922లో అల్లూరి సీతారామరాజుతో కలిసి చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీదికి పోయినప్పుడు ఆ షరతు తెగిపోయింది. సర్కారు దృష్టిలో అది ద్రోహం. గంటందొర 1924లో పోలీసుల చేతిలో పోయాడు. శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ద్రోహి అన్న మాట ముప్పై ఏళ్లలో తిరగబడి గౌరవమైంది. మంచిదే. బుగత ఇంటి పని వదిలేసి పోయిన కంబారీకి మాత్రం ఇలాంటి తిరుగుబాటు గౌరవం ఇంకా దక్కలేదు. వాడు చరిత్రలో వీరుడు కాడు, ఊళ్లో విశ్వాసం లేనివాడు.

బలిఘట్టం అన్న పేరు దగ్గరికి వస్తే ఈ చర్చ ఇంకో మలుపు తిరుగుతుంది. బలిచక్రవర్తి ఇక్కడ శివుణ్ణి కొలిచాడని స్థలపురాణం. బ్రహ్మలింగేశ్వరుడి గుడి ఉంది, ఉత్తరంగా పారే వరాహనది ఉంది, శివరాత్రికి జనం విరగబడి వస్తారు. బలి ఎవరు? ఇచ్చిన మాటకు కట్టుబడి సర్వం పోగొట్టుకున్నవాడు. మూడడుగులు అడిగిన వామనుడు రెండడుగుల్లో భూమీ ఆకాశమూ కొలిచేసి మూడోది తలమీద పెట్టాడు. మోసం జరుగుతోందని గురువు శుక్రుడు ముందే చెప్పాడు. ప్రాణమూ ఆస్తీ పోయేటప్పుడు మాట తప్పినా తప్పులేదన్నాడు. అంటే ధర్మశాస్త్రం తెలిసినవాడికి మాట తప్పే దారి కూడా తెలుసు. అసురుడికి తెలీదు, తెలిసినా పోలేదు.

జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరి' రాస్తూ ఈ కథను తలకిందులు చేశాడు. బలి ఈ నేల మీద సేద్యం చేసుకునే జనాల రాజు, వామనుడు దాన్ని కాజేసినవాడు అన్నాడు. మహారాష్ట్రలో పండగపూట బలిరాజ్యం మళ్లీ రావాలని ఆడవాళ్లు కోరుకునే ఆచారాన్ని సాక్ష్యంగా చూపించాడు. కేరళలో ఓణం ఆయన కోసమే. మన తెలుగుదేశంలో బలి పేరున్న ఊళ్లో కూడా బలి రాజుగా గుర్తులేడు, భక్తుడుగా గుర్తున్నాడు. పోతన భాగవతం మనకు నేర్పింది అదే. అందులో చివరకు విష్ణువు బలికి సుతలంలో వాకిలి కాపలా ఉంటాడట. రాజ్యం పోయినా దేవుడే నీ గుమ్మం దగ్గర ఉన్నాడు, ఇంకేం కావాలి అన్నమాట. 'నువ్వు మా ఇంటి మనిషివిరా' అని కంబారీతో అనే బుగత మాటకీ దీనికీ పోలిక నాకు కనిపిస్తుంది. భూమి అవతలివాడి పేరు మీదికి పోయింది, ఇవతలివాడికి ఆప్యాయత మిగిలింది.

ఇదే కథ కొత్తగా ఉత్తరాంధ్రలోనే రాయబడింది, 1960లలో. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'. సుందరపాలెం అనే ఊళ్లో దళితుడు అప్పల్రాముడు, కోమటి గోపన్నకు బాకీ. ఊరిపెద్ద శ్రీరాములునాయుడు ముందు తగువు నడుస్తుంది. ఊరంతా ధర్మం మాట్లాడుతుంది. అప్పల్రాముడు కూడా ధర్మానికే కట్టుబడతాడు. ఉన్న భూమి పోతుంది, ఇక పిల్లలకు మిగిలేది పరాయి పంచన పని. అప్పుడు కొడుకు సీతారాముడు, తన బిడ్డ అలాంటి బతుకు బతకకూడదని, ఆ బిడ్డను తానే చంపేస్తాడు. ఆ ముగింపు గురించి తెలుగులో ఎంత చర్చ జరిగిందో మనకు తెలుసు. చర్చంతా హత్య సబబా, నమ్మదగ్గదేనా అన్న దాని చుట్టూ తిరిగింది. ఆర్థిక సూత్రాల గురించి తిరిగింది. అప్పల్రాముడి మాట నిలబెట్టుకునే గుణం గురించి మాత్రం 'పల్లెటూరి నీతి' అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

నాకు 'యజ్ఞం'లో అసలు చోటు అదే అనిపిస్తుంది. అప్పల్రాముణ్ణి ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. అతన్ని కట్టేసింది అతని మంచితనం. బలి దగ్గర వామనుడు వాడుకున్నదీ అదే. తండ్రి మాట నిలబెట్టుకోవడం అంటే కొడుకుల్నీ మనవల్నీ తాకట్టు పెట్టడమని సీతారాముడికి అర్థమైంది. తండ్రి చేసిన ప్రమాణంలో బలి అయ్యేది ఎవరో అతను లెక్క తీశాడు. అతను తెంచింది బిడ్డ ప్రాణాన్నే కాదు, తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలా దిగే విశ్వాసాన్ని కూడా. నిజమే, బిడ్డను చంపడం విమోచన కాదు. రామారావు మాస్టారు కూడా దాన్ని విమోచనగా చూపించలేదు. కానీ ఆ కథలో విశ్వాసం మీద అవిశ్వాస తీర్మానం పెట్టినవాడు సీతారాముడొక్కడే. దళిత విమర్శ అతన్ని ఇక్కడ నుంచి చదవాలి. అంతకు నలభై ఏళ్ల ముందు 1922లో ఉన్నవ రాసిన 'మాలపల్లి'లో చౌదరయ్య చేతిలో సంగదాసు పోయినా తండ్రి రామదాసు పగ పట్టడు. పెద్ద కొడుకు వెంకటదాసు మాత్రం తక్కెళ్ల జగ్గడవుతాడు. మన విమర్శకులు రామదాసుకు దండం పెట్టి, జగ్గణ్ణి 'దారి తప్పినవాడు' అన్నారు. బోయి భీమన్న 'పాలేరు' నాటకం ఈ చట్రాన్ని ఇంకో వైపు నుంచి విరగ్గొట్టింది. అందులో పాలేరు చదువుకుని అధికారి అవుతాడు. పాలేరుతనం గుణం కాదు, వదిలేయదగ్గ ఉద్యోగం అని తెలుగు రంగస్థలం మీద చెప్పిన నాటకం అది.

చదువుకుని వదిలేసినవాళ్లను ఈ మాట వదలదు. స్కాలర్‌షిప్ మీద చదువుకుని విశ్వవిద్యాలయానికొచ్చిన దళిత విద్యార్థి ఎదురు మాట్లాడితే 'గవర్నమెంటు ఇంత చేసినా విశ్వాసం లేదు' అంటారు. నాతోనూ అన్నారు. పేరు అనవసరం. అన్న మనిషి చెడ్డవాడు కూడా కాదు, మాటే అతని చేత అనిపించింది. రిజర్వేషన్ హక్కు అని కాగితం మీద ఉన్నా, ఊరి భాషలో అది పెట్టిన అన్నం. తిన్నవాడు తలవంచుకోవాలి.

అంబేడ్కర్‌కు ఈ ఉచ్చు బాగా తెలుసు. 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం మీద సంతకం పెట్టాల్సొచ్చినప్పుడు పోయింది ఓట్ల లెక్క మాత్రమే కాదు, ప్రతినిధి ఎవరికి జవాబు చెప్పాలన్నది. ఉమ్మడి ఓటర్లతో గెలిచిన రిజర్వుడు సభ్యుడు తన జనానికి కాక తనను నిలబెట్టిన పార్టీకి విశ్వాసంగా ఉంటాడని 1945లో కాంగ్రెస్ మీద రాసిన పుస్తకంలో ఆయన గట్టిగా వాదించాడు. మా పక్కనున్న పాయకరావుపేట రిజర్వుడు స్థానమే. ఆ ఒక్క ఊరి గురించి కాదు, రాష్ట్రంలో ఏ రిజర్వుడు స్థానం తీసుకున్నా టికెట్టు ఎక్కడ నిర్ణయమవుతుందో చూస్తే విశ్వాసం ఏ దిక్కుకు తిరిగి ఉందో తెలుస్తుంది. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. పాత కంబారీకి ఏడాది గడువుండేది, వీళ్లకు ఐదేళ్లు.

1939లో బొంబాయి శాసనసభలో తన విధేయత గురించి అడిగినప్పుడు అంబేడ్కర్ దాచుకోకుండా చెప్పాడు. తనకూ దేశానికీ మధ్య పోటీ వస్తే దేశమే ముందు, దేశానికీ అణగారిన జాతులకూ మధ్య పోటీ వస్తే తన జాతులే ముందు అని. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో ఐర్లండు నాయకుడు ఓకానెల్‌ను తలుచుకుంటూ, ఆత్మగౌరవాన్ని పణంగా పెట్టి ఎవరూ కృతజ్ఞతగా ఉండనక్కర్లేదన్నాడు. రాజకీయాల్లో భక్తి పతనానికీ నియంతృత్వానికీ దారి అని కూడా అన్నాడు. ఈ మాటల్ని మనం ఎక్కువగా ప్రధానమంత్రుల మీద, ముఖ్యమంత్రుల మీద వాడతాం. పశువులశాల దగ్గర అంబలి తాగిన మనిషికి అవి ఇంకా దగ్గరివి.

చివరిగా ఒక విషయం, నేను ఇంకా పూర్తిగా తేల్చుకోనిది. మా పేటల్లో 'విశ్వాసి' అన్న మాట ఉంది. ఫలానా ఆమె విశ్వాసి అంటే చర్చికెళ్లే మనిషి అని. కెనడియన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు మా ఉత్తరాంధ్రలో పనిచేసిన కాలం నుంచీ ఈ మాట తిరుగుతోంది. ఇక్కడ విశ్వాసం మళ్లీ నమ్మేవాడి సొంతమైంది. కాళ్ల దగ్గర పడున్న మనిషికి కాదు, తనంత తాను నమ్మాలని తేల్చుకున్న మనిషికి ఆ పేరు. అది మా ఆడవాళ్లకు ఊళ్లో ఎవరూ ఇవ్వని గౌరవమిచ్చింది. అదే బైబిల్లో పౌలు పత్రికలు దాసుల్ని యజమానులకు లోబడమన్నాయి. ఫిలేమోనుకు రాసిన పత్రికలో మాత్రం పారిపోయొచ్చిన దాసుణ్ణి దాసుడిగా కాదు, సోదరుడిగా చేర్చుకోమన్నాడు. రెండూ మా వాళ్లు వింటారు. ఈలోగా రాష్ట్రపతి 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడు షెడ్యూల్డు కులం వాడు కాకుండా పోతాడు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో అందులో చేర్చారు గాని వీళ్లను చేర్చలేదు. నిజమైన నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక పుదుచ్చేరి కేసులో అంది. కాగితానికి విశ్వాసంగా ఉంటే చర్చికి కాదు, చర్చికి ఉంటే కాగితానికి కాదు. కులం మాత్రం రెండుచోట్లా వెంటే ఉంటుంది, దానికి ఏ పరీక్షా లేదు.

కంబారీ పని మా ఊళ్లో ఇప్పుడు దాదాపు లేదు. ఇటుకబట్టీలకూ, విశాఖలో కట్టుబడి పనులకూ మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి మనుషుల్ని తీసుకుపోతున్నారు. మధ్యలో తిరిగొచ్చిన ఒక జంట ఇంటికొచ్చి మేస్త్రీ అన్న మాట నేను విన్నాను: 'అడ్వాన్సు తిన్న ఇస్వాసమైనా ఉండొద్దా?' ఆ ఆడమనిషి లోపలికెళ్లి పనిదినాలు గీతలు పెట్టుకున్న కేలండరు తెచ్చి అరుగు మీద పరిచింది. ముందు ఇది చూడు బాబూ అంది. ఇద్దరూ కూచుని లెక్క వేసుకున్నారు. ఎనిమిది రోజుల కూలి మేస్త్రీయే బాకీ తేలాడు.